షుగర్ మిషన్ బాటలో డీఎన్‌ఏ, ప్రోటీన్ల పరీక్ష: విద్యుద్రసాయన బయోసెన్సర్లు

వేలికొన మీద చిన్న పోటు, ఒక్క చుక్క రక్తం, కొద్ది సెకన్ల నిరీక్షణ, తెరపై ఒక అంకె. మధుమేహం ఉన్న ఇళ్లలో షుగర్ మిషన్ ఇప్పుడు గోడ గడియారమంత సామాన్యమైన వస్తువు. ఆ స్ట్రిప్పులో జరిగేది ఒక విద్యుద్రసాయన చర్య అనీ, తెరపై కనిపించే అంకె నిజానికి అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహానికి మరో రూపమనీ వాడేవారిలో చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరమూ రాలేదు.

ఇదే పద్ధతిలో డెంగీ వైరస్ ఆర్‌ఎన్‌ఏను, గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను, సికిల్ సెల్ వ్యాధికి మూలమైన జన్యులోపాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే పట్టుకోవాలన్నది శాస్త్రజ్ఞుల చిరకాల ఆకాంక్ష. ఇందుకోసం రూపొందిస్తున్న సాధనాలనే విద్యుద్రసాయన బయోసెన్సర్లు అంటారు. వీటిపై మూడు దశాబ్దాలుగా వేల సంఖ్యలో పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. అయినా గ్రామీణ ప్రాంతాలలో ఇలాంటి నమూనాలు నేటికీ పట్టణంలోని ప్రయోగశాలకే ప్రయాణిస్తున్నాయి. గ్లూకోజ్ విషయంలో సాధ్యమైనది డీఎన్‌ఏ, ప్రోటీన్ల విషయంలో ఇంత ఆలస్యం ఎందుకయింది?

ముందు గ్లూకోజ్ సంగతి చూడాలి. అమెరికాకు చెందిన జీవరసాయన శాస్త్రజ్ఞుడు లీలాండ్ క్లార్క్ రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను 1956లో ప్రకటించారు. 1962లో ఆయన, చాంప్ లయన్స్ కలిసి దానికి మరో పొర జోడించే ఆలోచన చేశారు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్ ముందు నిలిపితే, అది గ్లూకోజ్‌ను ఆక్సీకరించే క్రమంలో ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది. ఎంత ఆక్సిజన్ తగ్గిందో కొలిస్తే గ్లూకోజ్ ఎంత ఉన్నదో తెలుస్తుంది. బయోసెన్సర్ల చరిత్ర ఇక్కడే మొదలవుతుంది. తరువాత 1984లో బ్రిటన్ పరిశోధకులు ఆక్సిజన్‌కు బదులు ఫెర్రోసీన్ ఉత్పన్నాన్ని వాడారు. రెండు కార్బన్ వలయాల మధ్య ఇనుప పరమాణువును ఇరికించినట్లుండే ఈ పదార్థం ఎంజైమ్ నుంచి ఎలక్ట్రాన్లను అందుకుని ఎలక్ట్రోడ్‌కు చేరవేస్తుంది. 1987లో మెడిసెన్స్ సంస్థ ఈ పద్ధతితో కలం పరిమాణంలో ఉన్న మీటరును విపణిలోకి తెచ్చింది.

ఈ విజయంలో శాస్త్రజ్ఞుల ప్రతిభకు తోడు గ్లూకోజ్ స్వభావం కూడా కలిసివచ్చింది. మొదటిది, అది రక్తంలో సమృద్ధిగా ఉంటుంది. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు ఇంచుమించు ఒక గ్రాము. రెండవది, గ్లూకోజ్‌ను మాత్రమే ఎంచుకుని, దాని నుంచి ఎలక్ట్రాన్లను బయటికి లాగే ఎంజైమ్ ప్రకృతిలోనే దొరికింది. గుర్తించడం, సంకేతం పుట్టించడం అనే రెండు పనులనూ ఒకే అణువు నిర్వహించింది.

ట్రోపోనిన్‌తో పోల్చి చూస్తే తేడా బోధపడుతుంది. అధిక సున్నితత్వం గల ట్రోపోనిన్-టి పరీక్షలో లీటరుకు 14 నానోగ్రాములు దాటితే అసాధారణంగా పరిగణిస్తారు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. పైగా ట్రోపోనిన్ అణువు గ్లూకోజ్ అణువు కంటే సుమారు 200 రెట్లు బరువైనది. అణువుల సంఖ్యగా లెక్కిస్తే, ఆ రక్తంలో ఒక్కొక్క ట్రోపోనిన్ అణువుకు వెయ్యి కోట్లకు పైగా గ్లూకోజ్ అణువులుంటాయి. వైరస్‌ల పరిస్థితి మరీ కష్టం. హెచ్‌ఐవీ చికిత్స పొందుతున్న వారి రక్తంలో మిల్లీలీటరుకు 1000 వైరస్ ప్రతులు దాటితే చికిత్స విఫలమవుతున్నదేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు అనుమానించమంటాయి. ఆ లెక్కన వేలికొన నుంచి తీసిన 50 మైక్రోలీటర్ల నమూనాలో ఉండేవి 50 ప్రతులు మాత్రమే. ఒక్కొక్క దానికి ఒక ఫెర్రోసీన్ అణువును తగిలించామనుకుందాం. వచ్చేవి 50 ఎలక్ట్రాన్లు. ఒక నానో ఆంపియర్ ప్రవాహానికే సెకనుకు 600 కోట్లకు పైగా ఎలక్ట్రాన్లు కావాలి. ఈ అంకెలు మనసులో ఉంచుకుంటే ఈ రంగంలో తరువాత జరిగిన కథంతా సులభంగా అర్థమవుతుంది.

డీఎన్‌ఏకు, విద్యుత్తుకు సంబంధం ఉన్నదన్న సంగతి మాత్రం క్లార్క్ ఎంజైమ్ ఎలక్ట్రోడ్ కంటే ముందే బయటపడింది. ఆ ఘనత నాటి చెకొస్లొవేకియాలోని బ్రనో నగరానికి చెందిన ఎమిల్ పాలెచెక్‌ది. ఆ దేశ శాస్త్రజ్ఞుడు యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ 1922లో పోలరోగ్రఫీ అనే పద్ధతిని కనుగొన్నారు. ద్రావణంలోకి పాదరసాన్ని బొట్లు బొట్లుగా జారవిడుస్తూ, వోల్టేజిని మార్చుతూ, ప్రవాహం ఎలా మారుతున్నదో నమోదు చేయడం ఈ పద్ధతి సారం. దీనికి 1959లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. సరిగ్గా ఆ రోజులలోనే, ఇంకా 30 ఏళ్లు నిండని పాలెచెక్ ఆ పాదరసపు ఎలక్ట్రోడ్ ముందు డీఎన్‌ఏను ఉంచి చూశారు. డీఎన్‌ఏ జంట సర్పిల నిర్మాణం 1953లో వెల్లడై అప్పటికి కొద్ది సంవత్సరాలే అయింది.

పాలెచెక్ 1960లో నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితాలు, ఆ వెంట సాగించిన పరిశోధనలు రెండు విషయాలను స్థాపించాయి. డీఎన్‌ఏలోని క్షారాలు ఎలక్ట్రోడ్ వద్ద విద్యుద్రసాయన చర్యలో పాల్గొంటాయన్నది మొదటిది. రెండవది ఇంకా ముఖ్యమైనది. రెండు పోచలు పెనవేసుకుని ఉన్నప్పుడు క్షారాలు లోపలికి ముడుచుకుని ఉంటాయి కనుక సంకేతం బలహీనంగా ఉంటుంది. వేడి చేసి పోచలను విడదీస్తే క్షారాలు బయటపడి సంకేతం ఒక్కసారిగా పెరుగుతుంది. అంటే పోచలు జతగా ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా అన్నది విద్యుత్తే చెబుతుంది. నేటి డీఎన్‌ఏ సెన్సర్లన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్ననే అడుగుతాయి. 2018లో మరణించే వరకు పాలెచెక్ కార్యక్షేత్రం బ్రనోయే. తెలుగులో సైన్సు రచనలు తిరగేసేవారికి క్లార్క్ పేరు అప్పుడప్పుడు కనిపిస్తుంది గానీ, పాలెచెక్ పేరు అరుదు.

రోగనిర్ధారణకు పనికి రావాలంటే ఏదో ఒక డీఎన్‌ఏ ఉన్నదని చెబితే చాలదు, ఫలానా వ్యాధికారక డీఎన్‌ఏ ఉన్నదని చెప్పాలి. అందుకు ప్రకృతి ఇచ్చిన సదుపాయం పోచల జతకట్టు స్వభావం. అడినిన్ థైమిన్‌తోను, గ్వానిన్ సైటోసిన్‌తోను మాత్రమే జతకడతాయి. వెతుకుతున్న వరుసకు సరిజోడైన చిన్న పోచను ముందుగానే ఎలక్ట్రోడ్‌కు అతికించి ఉంచితే, నమూనాలో దాని జంట ఉన్నప్పుడు వచ్చి దానితో పెనవేసుకుంటుంది. బంగారానికి, గంధకానికి సహజంగా ఉన్న బంధుత్వాన్ని ఇక్కడ ఉపయోగించుకుంటారు. పోచ చివర గంధకం గల సమూహాన్ని చేర్చితే అది బంగారు ఎలక్ట్రోడ్‌పై నారుమడిలో మొక్కలా నిలబడుతుంది. 1993లో కెల్లీ మిలన్, సుసాన్ మికెల్సన్ ఎలక్ట్రోడ్‌పై జతకట్టిన పోచలను, వాటిని అంటుకునే విద్యుత్ క్రియాశీల సూచికతో గుర్తించే పద్ధతిని ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలోని జన్యులోపంపై దానిని ప్రయోగించారు.

2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణం నుంచి వచ్చిన పద్ధతి మరింత చమత్కారమైనది. చున్‌హాయ్ ఫాన్, కెవిన్ ప్లాక్స్‌కో, నోబెల్ గ్రహీత అలన్ హీగర్ దీని రూపకర్తలు. హెయిర్‌పిన్నులా మడతపడే పోచను వారు ఎంచుకున్నారు. దాని ఒక కొన బంగారానికి అంటి ఉంటుంది, రెండవ కొనకు ఫెర్రోసీన్ తగిలించి ఉంటుంది. మడతపడి ఉన్నప్పుడు ఫెర్రోసీన్ బంగారానికి దగ్గరగా ఉండి ప్రవాహం బాగా వస్తుంది. వెతుకుతున్న జంట వచ్చి అతుక్కోగానే మడత విడిపోయి పోచ నిటారుగా నిలుస్తుంది. ఫెర్రోసీన్ దూరమై ప్రవాహం తగ్గిపోతుంది. బయటి నుంచి రంగులు, రసాయనాలు కలపనవసరం లేదు. నమూనా వేసి ప్రవాహం చూస్తే చాలు.

ప్రోటీన్లకు ఇలాంటి జతకట్టు నియమం లేదు. అందుచేత వాటిని పట్టుకోవడానికి యాంటీబాడీలనే ఆశ్రయించవలసి వచ్చింది. ఒక యాంటీబాడీ ఎలక్ట్రోడ్ వద్ద ప్రోటీన్‌ను పట్టి నిలుపుతుంది. ఎంజైమ్ తగిలించిన మరో యాంటీబాడీ అదే ప్రోటీన్‌ను రెండవ వైపు నుంచి పట్టుకుంటుంది. అదనంగా ఉన్నవాటిని కడిగివేసిన తరువాత ఎంజైమ్‌కు తగిన పదార్థాన్ని అందిస్తారు. ఒక్కొక్క ఎంజైమ్ అణువు సెకనుకు అనేక అణువులను విద్యుత్ క్రియాశీలంగా మారుస్తూ పోతుంది కనుక, ప్రోటీన్ కొద్దిగా ఉన్నా ప్రవాహం కొలవదగినంత అవుతుంది. చేతిలో ఇమిడే ఐ-స్టాట్ అనే సాధనంలోని ట్రోపోనిన్ పరీక్ష ఈ తరహాదే. కొద్ది చుక్కల రక్తంతో సుమారు 10 నిమిషాలలో ఫలితం ఇస్తుంది. అయితే దాని కార్ట్రిడ్జ్‌లను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ చేయాలి. ఇక్కడొక హెచ్చరిక కూడా అవసరం. గుండెపోటు లక్షణాలున్నవారికి మొదట తీయవలసింది ఈసీజీ. ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. మొదటి పరీక్షలో రాలేదని నిశ్చింతగా ఇంటికి పంపడం ప్రమాదకరం.

యాంటీబాడీలు ఖరీదైనవి, వేడికి తట్టుకోలేవు. వాటికి ప్రత్యామ్నాయంగా 1990లో ఆప్టమర్లు రంగంలోకి వచ్చాయి. కోటానుకోట్ల యాదృచ్ఛిక డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోచల నుంచి, కావలసిన ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకునే వాటిని వడగట్టి తీస్తారు. అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా ఈ మార్గాన్ని కనుగొన్నాయి. ‘ఆప్టమర్’ అన్న మాటను కూర్చినవారు ఆండ్రూ ఎల్లింగ్టన్, జాక్ షోస్టాక్. ‘సరిపోయే’ అన్న అర్థం గల లాటిన్ మాటకు ‘భాగం’ అన్న గ్రీకు మాటను జోడించారు. భిన్న భాషల పదాలను కలిపే మిశ్రసమాసం వ్యాకరణవేత్తలకు రుచించకపోవచ్చు గానీ, ప్రయోగశాలల్లో ఆ పేరు స్థిరపడిపోయింది.

మరి అడ్డు ఎక్కడ? ప్రధానంగా రక్తంలోనే ఉన్నది. లీటరు రక్తద్రవంలో 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్లుంటాయి. అందులో సగానికి పైగా అల్బుమిన్. ఇవి ఎలక్ట్రోడ్‌ను తాకగానే దానిపై పేరుకుపోతాయి. కోట్ల సంఖ్యలో వచ్చి పడే ఈ అనాహూత అతిథుల మధ్య, అసలు వెతుకుతున్న అణువుకు చోటే ఉండదు. విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, పారాసెటమాల్ వంటివి తమంతట తామే ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చి తప్పుడు సంకేతం పుట్టించగలవు. ఉప్పునీటిలో అద్భుతంగా పనిచేసిన సెన్సర్ రక్తంలో తడబడడానికి కారణమిదే. పూత లేకుండా ఎలక్ట్రోడ్ ఉపరితలం చూపే విద్యుత్ అవరోధంలోని మార్పును మాత్రమే కొలిచే పద్ధతులు ఈ విషయంలో మరీ బలహీనం, ఎందుకంటే ఏది అతుక్కున్నా అవరోధం మారుతుంది.

ఇలాంటి సెన్సర్ల గురించిన ప్రకటనలు వార్తా విభాగాలకు తరచుగానే వస్తుంటాయి. ‘ఫెమ్టోమోలార్ స్థాయి’ అన్న మాట వాటిలో తప్పక ఉంటుంది. ఆ మాట కంటే ముందుగా చూడవలసింది, పరీక్షించినది నిజమైన రోగుల రక్తాన్నా, లేక శుద్ధమైన ద్రావణంలో కలిపిన కృత్రిమ డీఎన్‌ఏనా అన్నది. నూరు ఎలక్ట్రోడ్లు తయారుచేస్తే నూరూ ఒకే ఫలితం ఇచ్చాయా, ఆరు నెలలు బీరువాలో ఉంచిన తరువాత కూడా పనిచేశాయా అన్న ప్రశ్నలకు చాలా ప్రకటనలలో జవాబు కనిపించదు.

లక్ష్యాన్ని పెంచుకోవడం మరో మార్గం. పీసీఆర్ పద్ధతిలో డీఎన్‌ఏను కోట్ల ప్రతులుగా చేసిన తరువాత ఎలక్ట్రోడ్‌తో చదవవచ్చు. అమెరికాకు చెందిన జెన్‌మార్క్ సంస్థ ఇదే చేసింది. బంగారు ఎలక్ట్రోడ్‌పై ఒక పోచ, ఫెర్రోసీన్ తగిలించిన మరో పోచ, వాటి మధ్య వ్యాధికారక డీఎన్‌ఏ అన్న అమరికతో శ్వాసకోశ, రక్త సంక్రమణలకు పరీక్షలను తయారుచేసింది. 2021లో రోష్ ఆ సంస్థను సుమారు 180 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. విద్యుత్ పద్ధతి వ్యాపారంగా నిలవగలదనడానికి ఇది నిదర్శనం. కానీ పీసీఆర్‌కు కావలసిన వేడి, చల్లదనం, శుద్ధి అన్నీ యంత్రం లోపలే జరగాలి కనుక అది పెద్ద ఆసుపత్రి సాధనమే అయింది.

పీసీఆర్ లేకుండానే సంకేతాన్ని పెంచేందుకు క్రిస్పర్ పద్ధతి తోడ్పడుతున్నది. క్యాస్12ఏ అనే ప్రోటీన్ తాను వెతికే వరుసను గుర్తించగానే, చుట్టుపక్కల ఉన్న ఒంటి పోచలన్నిటినీ కత్తిరించడం మొదలుపెడుతుంది. సూచిక తగిలించిన పోచలను ఎలక్ట్రోడ్‌పై ముందుగా నాటి ఉంచితే అవి తెగిపోయి ప్రవాహం పడిపోతుంది. 2019లో ఈ దిశగా పరిశోధన పత్రాలు మొదలయ్యాయి.

అన్నిటికంటే సరళమైన ఉపాయం మాత్రం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన యు షియాంగ్, యీ లూ 2011లో చూపించారు. కొత్త యంత్రమెందుకు, ఇళ్లలో ఉన్న షుగర్ మిషన్‌నే వాడుకుందామన్నది వారి ఆలోచన. ఆప్టమర్‌కు ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌ను జోడించారు. వెతుకుతున్న అణువు తగిలినప్పుడు ఆ ఎంజైమ్ విడుదలై ద్రావణంలోని పంచదారను గ్లూకోజ్‌గా మారుస్తుంది. ఆ గ్లూకోజ్‌ను మామూలు మీటరు చదువుతుంది. క్షయ నిర్ధారణలో ప్రాధాన్యం గల ఇంటర్‌ఫెరాన్-గామా ప్రోటీన్‌ను సైతం ఈ విధంగా కొలిచి చూపారు.

మన దేశంలో విద్యుత్ పద్ధతి ముందడుగు వేసిన చోట్లు ఏవో చూస్తే పైన చెప్పిన లెక్క మళ్లీ గుర్తుకు వస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పురుడు పోసుకున్న పాథ్‌శోధ్ అనే అంకుర సంస్థ గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్, అల్బుమిన్ వంటి ప్రోటీన్లను స్ట్రిప్పుతో కొలిచే చేతి సాధనాన్ని రూపొందించింది. మూడు నెలల చక్కెర స్థాయిని సూచించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇదే. హిమోగ్లోబిన్ రక్తంలో పుష్కలంగా ఉండే ప్రోటీన్. అదే సంస్థ 2021లో కోవిడ్ యాంటీబాడీలను విద్యుద్రసాయన పద్ధతిలో గుర్తించే పరీక్షకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. ఇన్‌ఫెక్షన్ తరువాత శరీరం తయారుచేసే యాంటీబాడీలు కూడా వైరస్ ప్రతుల వలె అరుదైనవి కావు. అరుదైన వైరస్ ఆర్‌ఎన్‌ఏను, క్షయ క్రిమి డీఎన్‌ఏను వెతకవలసిన చోట మాత్రం కాంతి పద్ధతులదే పైచేయి. గోవా సంస్థ మోల్‌బయో తయారుచేసిన, బ్యాటరీతో నడిచే ట్రూనాట్ యంత్రం పీసీఆర్ ఫలితాన్ని కాంతితోనే చదువుతుంది. హైదరాబాద్‌లో ఐఐటీ, బిట్స్ పిలానీ ప్రాంగణాలలోని ప్రయోగశాలలు విద్యుద్రసాయన సెన్సర్లపై పనిచేస్తున్నాయి.

ఎండ సంగతి కూడా మరువరాదు. షుగర్ స్ట్రిప్పులను సాధారణంగా 30 డిగ్రీలు మించని చోట ఉంచాలని డబ్బాపైనే రాసి ఉంటుంది. మే నెలలో రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. బంగారానికి గంధకంతో ఉన్న బంధం వేడికి క్రమంగా సడలుతుంది. శీతల దేశంలో ఏడాది నిలిచిన ఎలక్ట్రోడ్ ఇక్కడి ఉపకేంద్రంలో ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఇక్కడే పరీక్షించి తేల్చాలి.

అరుదుగా లేని లక్ష్యం ఒకటి మన కళ్లెదుటే ఉన్నది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులై 1న ప్రారంభమైంది. 40 ఏళ్లలోపు వారిలో 7 కోట్ల మందికి పరీక్షలు జరపడం, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని గిరిజన ప్రాంతాలు దీని పరిధిలో ఉన్నాయి. ఈ వ్యాధికి కారణం హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం, అడినిన్ ఉండవలసిన చోట థైమిన్ ఉండడం. జన్యువు తెల్ల రక్తకణాలన్నిటిలోనూ ఉంటుంది. 50 మైక్రోలీటర్ల రక్తంలో తెల్లకణాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. హెచ్‌ఐవీ ఉదాహరణలోని 50 ప్రతులతో పోలిస్తే ఇది ఎంతో మెరుగైన ఆరంభం. సంకేతాన్ని పెంచవలసిన అవసరం ఇక్కడా తప్పదు గానీ, భారం చాలా తగ్గుతుంది.

నవజాత శిశువుల విషయంలో దీని ప్రాధాన్యం మరీ ఎక్కువ. క్షేత్రస్థాయిలో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఆరు నెలలలోపు పిల్లలలో నమ్మదగినది కాదు, ఎందుకంటే వారి రక్తంలో ఇంకా గర్భస్థ దశలోని హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. జన్యువును చదివే పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. వ్యాధి ఉన్నదని ముందే తెలిస్తే రెండు నెలల వయసు నుంచే పెన్సిలిన్ ఇచ్చి ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ల నుంచి బిడ్డను కాపాడవచ్చు. ప్రస్తుతం శిశువులకు పరీక్ష జరిపే చోట్ల మడమ నుంచి తీసిన రక్తపు చుక్కను వడపోత కాగితంపై ఆరబెట్టి, హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపుతున్నారు.